మాటరాని టైలరు

బస్సెక్కిన దగ్గర్నుంచి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. కండక్టరు వచ్చి "ఎక్కడికి?" అంటే ఫోనులో ఊరి పేరు రాసి చూపించింది. కిటికీ కాస్త మూస్తారా అని నేనడిగితే తలాడించి మూసింది. బిస్కెట్ల పొట్లం చాపితే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పాపం, మాటలు రాని మనిషి అనుకున్నాను. నాకు ఇలాంటి ప్రయాణం కొంచెం ఇబ్బందే. కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరిగేవాణ్ని. పక్క సీట్లో మనిషి దొరికితే వాళ్ల తాతముత్తాతల దాకా కూపీ లాగందే నాకు ఊరు దగ్గరపడదు. ఇక గత్యంతరం లేక పుస్తకం తెరిచాను. ఎప్పటిదో, పాత నావికుల ప్రయాణాల పుస్తకం. తుఫానులో ఎవరి దేవుణ్ని వాళ్లు ఏ భాషలో తలుచుకున్నారో రాసిన పేజీ చదువుతున్నాను.

అంతలో రోడ్డుకు అడ్డంగా ఓ కుక్క పరిగెత్తింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. బస్సంతా ముందుకు తూలింది.

"అమ్మో! చచ్చాం!" అంది మాటలు రాని మనిషి.

చక్కటి గొంతు. స్పష్టంగా, నిదానంగా, వెనక సీటు దాకా వినపడే గొంతు. ఆవిడ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. కుక్క తప్పించుకుంది, బస్సు కదిలింది, అందరూ డ్రైవర్ని తిట్టి ఊరుకున్నారు. ఆవిడ కళ్లల్లో భయం మాత్రం పోలేదు.

"మాటలొచ్చా అమ్మా నీకు?" అన్నాను.

"వచ్చండీ," అంది చేతి చాటు నుంచే. "అదే నా కొంప ముంచింది."

"మరి ఇందాకటి నుంచి...?"

"అలవాటు చేసుకుంటున్నాను బాబాయిగారూ, నోరు మూసుకోవడం. పొద్దున ఇంట్లోంచి బయల్దేరినప్పుడు మొదలెట్టాను. మా ఆయన మురిసిపోయాడు, ఇన్నేళ్లకు ఇల్లు ప్రశాంతంగా ఉందని. ఇంతా చేసి ఒక్క కుక్కకే నోరు తెరిచేశాను. ఇక అక్కడ ఏం నిలబడతాను?"

ఎక్కడ అని అడిగితే మళ్లీ మూగదైపోయింది.

దారిలో టీ కోసం బస్సు ఆగింది. రేకుల షెడ్డు, రెండు బల్లలు, పొగ. ఆవిడ అందరికీ దూరంగా చివరి బల్ల మీద కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. బలమైన చేతులు, పొట్టిగా కత్తిరించిన గోళ్లు. ఒళ్లో పెట్టుకున్న సంచిలోంచి టైలర్ల కొలత టేపు వేలాడుతోంది. దాన్ని లోపలికి తోస్తుంది, అది మళ్లీ జారుతుంది, మళ్లీ తోస్తుంది. టీ గ్లాసు ముట్టుకోకుండా బల్ల మీదే వదిలేసింది.

ముసలివాళ్లకు ఒక సదుపాయం ఉంది. మేం దారిలో మైలురాళ్ల లాంటివాళ్లం. ఏం చెప్పుకున్నా రాయికి చెప్పినట్టే, మళ్లీ కనపడదు కదా అనుకుంటారు జనం. ఆవిడా అలాగే అనుకుని ఉంటుంది. లేకపోతే ఇక లోపల ఆపుకోలేకపోయి ఉంటుంది.

"నేను నర్సుని," అంది గొంతు బాగా తగ్గించి. "ఫోను నర్సుని."

అలాంటి నర్సులు ఉంటారని నేనెక్కడా చదవలేదు. అర్థమయ్యేలా చెప్పమన్నాను. చెప్పింది.

పదహారేళ్ల పాటు ఆస్పత్రి జనరల్ వార్డులో పనిచేసింది. నడుము నొప్పి వచ్చి మంచాలు తొయ్యలేని పరిస్థితి అయ్యాక, ఈ పనికి మార్చారు. ఆస్పత్రి వెనకాల పాత ఎక్స్‌రే గది. గోడల్లో సీసం రేకులుండటం వల్ల లోపల సిగ్నలు అందదు. అందుకని నర్సులంతా గుమ్మం దగ్గర కుర్చీ కోసం పొద్దున్నే సీట్ల కోసం కొట్టుకునే బడిపిల్లల్లా పోటీపడతారట. చెవులకు హెడ్‌ఫోను, ముందు ఒక తెర. తెరలో హెచ్‌ఐవి ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వస్తారు. రోజూ ఒక మాత్ర వేసుకోవాలి వాళ్లు, బతికినంత కాలం. వేసుకుంటే వైరస్ రక్తంలో పరీక్షకు కూడా దొరకనంతగా అణిగిపోతుంది, మనిషి అందరిలాగే ఉంటాడు, పక్కవాళ్లకు అంటించడు. మానేస్తే మళ్లీ లేస్తుంది. అదీ ఊరికే లేవదు, పాత మందుకు లొంగకుండా లేవచ్చు. అందుకని ఈవిడ పని: మాత్ర వేసుకునేటప్పుడు చూడటం. కళ్లు తిరుగుతున్నాయా, నిద్రలో పీడకలలు వస్తున్నాయా, ప్రయాణంలో ఎలా వేసుకోవాలి, ఇవన్నీ విని జవాబు చెప్పడం. ఒక్కోసారి ఊరికే తిట్లు తినడం.

"వాళ్ల మొహాలు చూడనండీ. చూపించమని అడగం. అరచేతిలో మాత్ర, నోరు, మింగాక నాలుక ఎత్తి చూపించడం, అంతే. నా కెమెరా అసలు వెయ్యం. వాళ్లు నాకు చేతులూ నాలుకలూ. నేను వాళ్లకు గొంతు."

"పేర్లు?"

"నా పేరు వాళ్ల ఫోనుల్లో ఎలా ఉంటుందో తెలుసా? ఒకాయనకు నేను టైర్ల కొట్టు. ఒక మాస్టారికి ఇన్సూరెన్సు అమ్మాయిని. ఆయన భార్య ఓసారి ఫోను లాక్కుని, మా ఆయనకు ఇక పాలసీలు వద్దమ్మా, ఆయన పోయినా మేం బాగానే బతుకుతాం అని చెప్పింది." నవ్వబోయి ఆగిపోయింది. "ఒక పిల్లకు నేను టైలరక్కని."

ఆ పిల్లని గది నర్సులందరూ గుటకమ్మ అంటారట. మాత్ర మింగేటప్పుడు గుటక హెడ్‌ఫోన్లో కొండ మీంచి రాయి దొర్లినట్టు వినిపిస్తుంది. అరచేతి మధ్యలో పాత కాలిన మచ్చ. బేకరీలో కేకుల మీద పేర్లు రాసే పని. పుట్టుకతోనే హెచ్‌ఐవి వచ్చింది, తల్లి నుంచి. పెళ్లికి ముందే అబ్బాయికి చెప్పింది. అతను ఒక పూట ఆలోచించుకుని సరేనన్నాడు. ఓడలో వంటవాడు. ఇప్పుడు సముద్రం మీద ఉన్నాడు, ఫోను అందదు. అత్తగారికి తెలియదు. బేకరీలో తెలియదు. తెలిస్తే ఆ చేత్తో రాసిన కేకు ఎవరు కొంటారు?

"ఇప్పుడు దానికి నెలలు నిండుతున్నాయి బాబాయిగారూ. ఇప్పుడు మాత్ర మానకూడదు. ఎప్పుడు మానినా మానకపోయినా ఇప్పుడు అసలు మానకూడదు. రక్తంలో వైరస్ లేస్తే కాన్పులో బిడ్డకు అందుతుంది. మానకుండా ఉంటే బిడ్డకు రాకుండా పోవడానికే ఎక్కువ వీలు. అంత సన్నటి దారి."

"మానేసిందా?"

"తెలియదండీ. తెలియకుండా చేసుకున్నది నేనే," అంది.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. నర్సు ఫోను చేస్తుంది, అవతల ఎత్తగానే నోరు మెదపకూడదు. అవతలివాళ్లు గోటితో ఫోను అద్దం మీద రెండుసార్లు కొడతారు. అంటే దగ్గర ఎవరూ లేరు, మాట్లాడచ్చు అని. నర్సు తన మైకు మీద రెండుసార్లు కొట్టి అప్పుడు మొదలెడుతుంది. ఆ రెండు చప్పుళ్లు రాకపోతే ఊరుకుని పెట్టెయ్యాలి. ఏళ్లుగా ఈవిడ ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు వరసగా ఫోన్లు. ముందు మాట్లాడినాయన ఇక మందులు వద్దు, చస్తాను అని ఏడ్చి పెట్టేశాడు. ఆ తడి చెవిలో ఇంకా ఆరలేదు. గుటకమ్మకు చేస్తే అవతల ఫోను ఎత్తారు. కెమెరా చీకటి. ఈవిడ చప్పుడు కోసం ఆగలేదు.

"మాత్ర వేసుకున్నావా తల్లీ, నాలుక ఎత్తు, అన్నాను. అవతల ఎవరో ఊపిరి పీల్చారు. గుటకమ్మ ఊపిరి కాదు అది. నాకు తెలుసు. పిన్నుల డబ్బాలో ఇంకా ఉన్నాయా అని కూడా అనేశాను, మాత్రలు అందులో దాచుకోమన్నది నేనే. ఫోను కట్టయిపోయింది. మళ్లీ చేస్తే ఎవరు ఎత్తుతారోనని చెయ్యలేదు, అటు నుంచీ రాలేదు. వారం దాటింది."

పై సిస్టరుతో చెప్పిందట. ఊళ్లల్లో తిరిగే మనిషి వచ్చే వారం వెళుతుంది, అప్పటిదాకా ఆగు, నువ్వు మాత్రం గడప దాటకు అందట ఆవిడ. ఫోను నర్సు రోగి ఇంటికి వెళ్లకూడదు, ఉద్యోగం పోతుంది. ఈవిడ నడుము నొప్పి అని సెలవు పెట్టి, కంప్యూటర్లో చిరునామా చూసి, మందు సీసా ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కింది. టైలరు వేషం. అయితే ఒక చిక్కుంది. ఆ రోజు ఫోను పట్టుకున్నది ఎవరో తెలియదు. ఎవరైనా కానీ, ఆ ఇంట్లో ఈవిడ మొహం ఎవరూ చూడలేదు, గొంతు మాత్రం విన్నారు.

"అందుకని మూగ టైలర్ని," అంది.

"ఒక్క బ్రేకుకే అమ్మో అన్నావు."

"అదేగా."

మాటే వృత్తయిన మనిషి మాట దాచుకోవాలి. వడ్రంగి చేతులు వెనక్కి కట్టుకుని తలుపు బిగించాలన్నట్టుంది. నేను టీ తాగాను. ఆవిడ టీ కూడా తాగాను, చల్లారిపోతోందని. తర్వాత అడిగాను: "మరి నోరు నాది పెట్టుకుంటావా?"

ఎందుకన్నానో ఇప్పుడు ఆలోచిస్తే తెలియదు. నా ఊరు ఇంకా ముందు ఉంది, అక్కడ నాకోసం కాచుక్కూర్చున్నవాళ్లు లేరు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గడ్డం, చంకలో సంచి, చెప్పులకు వేసిన దారం.

"బట్టల కొట్టు ముసలాయనలానే ఉన్నారు," అంది.

మధ్యాహ్నం ఎండలో దిగాం. చిన్న వీధి. అటూ ఇటూ రెండంతస్తుల ఇళ్లు, ఆరేసిన దుప్పట్లు. మొదట్లో మందుల షాపు, అద్దాల అల్మరాల వెనక కళ్లజోడు మనిషి. పోయేవాణ్నీ వచ్చేవాణ్నీ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. అతన్ని చూడగానే నర్సు నడక వేగం పెంచింది. వీధి చివర సైకిలు రిపేరు కొట్టు, దాని పైన ఇల్లు. బయటి నుంచి ఇనుప మెట్లు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మోగుతోంది. నాకెందుకో నావికుల పుస్తకంలో ఉరికంబం ఎక్కిన ఓడదొంగ గుర్తుకొచ్చాడు. చదివినవన్నీ వేళ కాని వేళ గుర్తుకు రావడం నాకున్న జబ్బు.

తలుపు తీసింది అత్తగారే అయి ఉండాలి. సన్నగా, నిటారుగా, తెల్లజుట్టు బిగించి ముడేసిన మనిషి.

"ఎవరు కావాలి?"

"టైలరమ్మండీ," అన్నాను. "మీ కోడలు గౌను కుట్టమని చెప్పింది, నెలలు నిండుతున్నాయి కదా, వదులుగా. కొలతలకు వచ్చాం."

"కొలతలు తీసేది మీరా?"

"రామ రామ! నేను కాదమ్మా, ఈ అమ్మాయి. నేను దీని బాబాయిని. దీనికి మాటలు రావు. చెయ్యి దీనిది, నోరు నాది."

"అయ్యో. పుట్టుకతోనా?"

దీనికి మేం ముందుగా అనుకున్న జవాబు లేదు. "మధ్యలో పోయిందమ్మా."

"ఎలా?"

"జ్వరం వచ్చి."

"ఏ జ్వరం?"

"గొంతు జ్వరం," అన్నాను. పక్కన నర్సు కళ్లు మూసుకుంది.

"నాతో అనకుండా టైలర్ని ఎప్పుడు పిలిచిందీ? దాని ఫోను వారంగా నా దగ్గరే ఉంది."

ఫోను తీసుకున్నది ఎవరో తెలిసిపోయింది. "అంతకు ముందే చెప్పిందమ్మా. మేమే ఆలస్యం చేశాం. టైలర్లు చెప్పిన రోజున రావడం మీరెక్కడైనా చూశారా?"

ఆవిడ పెదవి ఒక పక్కకు వంగింది. "అది నిజం. రండి అన్నయ్యగారూ."

ముందు గది శుభ్రంగా ఉంది. ఒక బల్ల, మూడు కుర్చీలు, కిటికీ దగ్గర స్టూలు. స్టూలు మీద అల్లిక గుడ్డ పరిచి నల్లటి పాత టెలిఫోను పెట్టారు. తీగ ఎక్కడికీ తగిలించి లేదు. మాట మార్చడానికి అది దొరికింది కదా అని, ఇలాంటివి ఇప్పుడు ఎక్కడున్నాయమ్మా అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"రిటైరైనప్పుడు ఇచ్చారు. ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్ని నేను. ఊరంతా నా చెవిలోంచే మాట్లాడుకునేవారు. ఒక్కసారి విన్న గొంతు ఇప్పటికీ మర్చిపోను. మొన్న సంతలో ఎవడో వంకాయలు బేరమాడుతుంటే, మీరు ఫలానా రైలు ఆఫీసు గుమాస్తా కదూ అన్నాను. మొహం ఎన్నడూ చూడలేదు. జడుసుకున్నాడు."

నర్సు వంక చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. కుర్చీ చేతిని పట్టుకున్న ఆవిడ వేళ్లు తెల్లబడటం మాత్రం కనిపించింది.

కోడలు వచ్చింది. ఇరవై రెండో మూడో. పెద్ద పొట్ట, కళ్ల కింద నలుపు. "ఎవరు అత్తయ్యా?" అంది.

"నువ్వు పిలిచిన టైలరమ్మే."

పిల్ల మొహం పాలిపోయింది. టైలరక్క అనే మనిషి నిజంగా ఉండదని తెలిసింది లోకంలో ఆ పిల్లకు, నర్సుకు, ఇవాళ్టి నుంచి నాకు. ఏదో ఉచ్చు అనుకుంది కాబోలు, గోడకు ఆనుకుపోయింది. అప్పుడు నర్సు కుర్చీ చేతి మీద గోటితో రెండుసార్లు కొట్టింది. టక్ టక్. పిల్ల కదల్లేదు. తర్వాత వెనక పెట్టుకున్న చేత్తో గోడ మీద రెండుసార్లు కొట్టింది.

"ఏంటా చప్పుడు?" అంది అత్తగారు వెంటనే.

"బల్లి అత్తయ్యా."

"బల్లికి గోళ్లెప్పటి నుంచి?"

నేను పెద్దగా దగ్గాను. నర్సు టేపు తీసి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పొట్ట కింది ఎముక దగ్గర ఒక కొస పెట్టి, పైకి నిలువుగా లాగి, వేలితో తడిమి ఆపింది. వార్డులో గర్భిణులను అలా కొలుస్తారని నాకు తర్వాత అర్థమైంది. వేషంలోకి వచ్చినా చేతులు పాత పనిలోనే ఉన్నాయి.

"ఇదేం కొలత? నిలువుగా ఏం చూస్తోంది?" అంది అత్తగారు.

"కొత్త ఫ్యాషనమ్మా. ముందు పొట్ట పొడుగు, తర్వాత నడుం చుట్టు."

"ఫ్యాషన్లు! లోపల బిడ్డ ఉండగా పైన ఎంత పొడుగైతే ఏం." ఆవిడ బల్ల దగ్గర కూర్చుంది. నన్నూ కూర్చోమంది. నేను చదువుకున్నవాడిలా కనపడ్డానట. "అన్నయ్యగారూ, మీరు నాలుగూళ్లు తిరిగినవారు. ఈ కాలంలో మగపిల్లాడు పుట్టడానికి మాత్రలమ్ముతున్నారట, విన్నారా?"

"ఎక్కడో విన్నానమ్మా."

"మా వీధిలోనే ఒకావిడ అవి మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంది. మా ఇంట్లోకీ వచ్చాయి." గొంతు తగ్గించలేదు, కోడలు వినాలనే అంటోంది. "వారం కిందట దీని ఫోను మోగితే నేను ఎత్తాను. ఎవతో ఒకతి, తేనె పూసినట్టు, మాత్ర వేసుకున్నావా తల్లీ, నాలుక ఎత్తు అంటుంది! పిన్నుల డబ్బాలో ఉన్నాయా అంటుంది! వెళ్లి చూద్దును కదా, పిన్నుల డబ్బాలో మాత్రలు. చప్పుడు కాకుండా దూది కుక్కి, పేరు లేదు, ఊరు లేదు. ఇదేమో నోరు విప్పదు. నా మనవణ్ని కడుపులో పెట్టుకుని దొంగమందులు మింగుతుంటే నేను చూస్తూ ఊరుకోనా? తాళం వేశాను. దాన్ని గడప దాటనివ్వలేదు. ఆ గొంతు మళ్లీ ఒక్కసారి వినపడాలి అన్నయ్యగారూ, అప్పుడు చెబుతాను దాని సంగతి."

చెడ్డ మనిషైతే బాగుండునని నాకు అనిపించింది. చెడ్డవాళ్లకు అబద్ధం చెప్పడం తేలిక. ఈవిడ తనకు తెలిసినంతలో మనవణ్ని కాపాడుతోంది. అలా కాపాడటమే మనవడి ప్రాణం మీదికి వచ్చింది.

"ఇవాళ తేల్చేస్తాను," అంది అత్తగారు. లేచి, అల్మరా తాళం తీసి, డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. సంచిలోంచి కాగితంలో చుట్టిన చిన్న పొట్లం తీసి చూపించింది. "వీటిలో ఒకటి. దీని మీద ఏవో గుర్తులున్నాయి. కొసనున్న మందుల షాపువాడు చూడగానే చెప్పేస్తాడు ఏం మందో. నిన్న కొట్టు మూసేశాడు. ఇప్పుడు వెళుతున్నాను."

పిల్ల నోటి నుంచి చిన్న మూలుగు లాంటిది వచ్చింది. నర్సు చేతిలో టేపు జారి నేల మీద చుట్టలు చుట్టుకుపడింది. నా మనసులో ఆ కళ్లజోడు మనిషి కనపడ్డాడు, వచ్చేవాణ్నీ పోయేవాణ్నీ పేరు పెట్టి పిలిచేవాడు. గుర్తులు చూస్తాడు. ఒక్క మాట అంటాడు. సాయంత్రానికి వీధి, రేపటికి బేకరీ. ఏదో ఒకటి అడ్డం వెయ్యాలని నోరు తెరిచాను. ఎన్ని భాషల పుస్తకాలు చదివానో, ఒక్క వాక్యం రాలేదు.

అత్తగారు చెప్పులేసుకుంటోంది.

"ఆ షాపుకి వెళ్లకండమ్మా," అంది నర్సు.

కింద సైకిలు కొట్టులో ఎవరో గంట మోగిస్తున్నారు.

"ఈ గొంతే," అంది అత్తగారు.

"నాదేనమ్మా."

"మాటలు రావన్నారు." నా వైపు తిరగలేదు. నన్ను అప్పటికే లెక్కలోంచి తీసేసినట్టుంది. "గొంతు జ్వరం. బాగుంది. ఇంటి దాకా వచ్చి మగపిల్లల్ని అమ్ముతున్నావా?"

"నేను నర్సునమ్మా. ఇవి ఆస్పత్రి మాత్రలు, డాక్టరు రాసినవి. పేరు కాగితం చింపెయ్యమన్నదీ, దూది పెట్టమన్నదీ నేనే. బిడ్డకు చెడు చేసేవి కావు. బిడ్డను కాపాడేవి. వారం నుంచి కడుపులోకి పోలేదు. అందుకే వచ్చాను."

"దేన్నుంచి కాపాడతాయి?"

నర్సు కోడలి వైపు చూస్తుందేమోనని చూశాను. చూడలేదు. నేల మీది టేపునే చూస్తూ నిలబడింది. చూపు కూడా తొందరపెట్టినట్టవుతుందని కాబోలు. "అది నేను చెప్పేది కాదమ్మా," అంది. "ఒకసారి అనకూడని చోట నోరు జారాను. మళ్లీ జారను. నన్ను పోలీసులకు పట్టించండి, మా ఆఫీసుకు ఫోను చెయ్యండి, ఉద్యోగం తీయించండి. ఆ పొట్లం మాత్రం ఆ షాపుకి తీసుకెళ్లకండి."

"ఎందుకు తీసుకెళ్లకూడదు? అంత సిగ్గుపడే మందా?"

పిల్ల గోడ వదిలి వచ్చింది. బల్ల మీది డబ్బా తీసి, దూది లాగి, ఒక మాత్ర అరచేతిలో వేసుకుంది. కాలిన మచ్చ మీద తెల్లటి మాత్ర. నీళ్లు లేకుండానే నోట్లో వేసుకుంది. గుటక నిజంగానే గది అంతా వినపడింది. తర్వాత, అలవాటు చొప్పున, నర్సు వైపు తిరిగి నోరు తెరిచి నాలుక ఎత్తింది. బడిపిల్ల పలక చూపించినట్టు.

నర్సు తల ఊపింది. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అత్తయ్యా," అంది పిల్ల, "నాకు పుట్టినప్పటి నుంచీ ఉంది. మా అమ్మ నుంచి వచ్చింది. హెచ్‌ఐవి. మీ అబ్బాయికి పెళ్లికి ముందే చెప్పాను. ఆయనకు రాలేదు, ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకుంటారు. ఈ మాత్ర వేసుకుంటే బిడ్డకూ రాదన్నారు. మీకు చెప్పడానికి భయమేసింది. ఇద్దరికీ."

బల్ల మీద అత్తాకోడళ్లిద్దరూ తాగే మంచినీళ్ల గ్లాసు ఉంది. అత్తగారు బల్ల దగ్గరికి వచ్చి దాని మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. చీర కొంగుకు తుడుచుకుంది. కావాలని చేసినట్టు లేదు, ఆవిడకు తెలియకుండానే జరిగింది. పిల్ల చూసింది. నర్సు చూసింది. నేను ఎన్నో రేవుల్లో ఎన్నో భయాలు చూశాను, తుఫాను భయం, జబ్బు భయం, ఆకలి భయం. ఒక ఇంట్లో ఒక చెయ్యి ఒక గ్లాసు మీంచి వెనక్కి రావడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి, అలా అంతకు ముందెప్పుడూ అవలేదు.

సంచి భుజాన వేసుకుంది అత్తగారు. పొట్లం సంచిలోనే ఉంది. తలుపు తీసి మెట్లు దిగింది. ఇనుప మెట్లు ఒక్కొక్కటీ మోగాయి.

"అత్తయ్యా!" అని అరిచింది పిల్ల.

నర్సు తన సంచిలోంచి కొత్త సీసా తీసి పిల్ల చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూసింది. "రేపూ ఇదే వేళకి. ఎవరేమన్నా సరే. వచ్చే వారం మా మనిషొకావిడ వస్తుంది, నీతో ఆస్పత్రికి తోడొస్తుంది. రక్తపరీక్ష చెయ్యాలి. బిడ్డకు పుట్టగానే చుక్కలమందు ఇస్తారు, అందుకు కూడా ముందే చెప్పిపెట్టాలి. వినపడుతోందా? ఏడవకు. తలుపు గడియ పెట్టుకోకు, ఆవిడ తిరిగొస్తే తెరిచి ఉండాలి."

"వస్తుందా అక్కా?"

"తెలియదు తల్లీ," అంది నర్సు. ఆ ఇంట్లో ఆ రోజు విన్న నిజాల్లో అది ఒకటి.

మేం కిందకి వచ్చేసరికి ఆవిడ వీధి సగం దాటింది. తల తిప్పకుండా, నిటారుగా, మందుల షాపు వైపే నడుస్తోంది. మేం వెనకాలే వెళ్లాం, మరీ దగ్గరగా కాదు. పరిగెత్తి ఆపుదామన్నాను. "ఏమని?" అంది నర్సు. "వీధిలో గొడవైతే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి." నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా చెయ్యి మొద్దుబారిపోయింది.

షాపు ముందు ఆగింది అత్తగారు. కళ్లజోడు మనిషి లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా, ఎండలో వచ్చారు? కోడలికి బాగానే ఉందా? ఎప్పుడు పురుడు?"

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. నర్సు గోళ్లు నా చేతిలో దిగాయి. షాపు పక్కన అరుగు మీద ఇద్దరు మగవాళ్లు పేపరు చదువుతూ అటే చూస్తున్నారు. ఆవిడ చెయ్యి సంచిలో ఎంతసేపు ఉందో చెప్పలేను. లోపల ఏదో వెతుకుతున్నట్టు, దొరికింది తియ్యాలా వద్దా అన్నట్టు.

"తలనొప్పి మాత్ర ఇవ్వు నాయనా," అంది చివరికి. "కోడలికి కాదు. నాకే."

మాత్ర తీసుకుంది. నీళ్లిమ్మంటారా అని అతనడిగితే వద్దంది. వీధి మూల దాకా నడిచి, ఇంటి వైపు తిరగలేదు, బజారు వైపూ తిరగలేదు. కరెంటు స్తంభం పక్కన నిలబడి ఎటూ కాని చోటికి చూస్తోంది. చేతిలో తలనొప్పి మాత్ర, వేసుకోలేదు. ఒకసారి వెనక్కి చూసింది. నన్ను కాదు.

నర్సు నా చెయ్యి వదిలింది. ఇప్పుడేం చేద్దాం అని అడగబోయాను, ఆఖరి బస్సు ఎప్పుడో కనుక్కుందామా అని. ఆవిడ అప్పటికే నడుస్తోంది. మూల దగ్గరికి వెళ్లి అత్తగారికి కాస్త ఎడంగా నిలబడింది. అత్తగారే ముందు మాట్లాడింది. ఆ ఆపరేటరు గొంతు పట్టణం చివరిదాకా వినపడేలా ఉంటుంది, తగ్గించినా నా దాకా వచ్చింది.

"ఇక్కడ కాదు. గోడలకు చెవులుంటాయి, నాకు తెలియదా. నడుస్తూ చెప్పు. మొదటి నుంచీ చెప్పు. నా మనవడికి వస్తుందా రాదా?"

ఇద్దరూ మూల తిరిగారు. నర్సు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.